గద్దకు తెలియని హద్దు

మంగళవాడ చికెన్ కొట్టు మీద గద్ద ఎన్ని చుట్లు తిరిగినా అడిగేవాడు లేడు. మన ఊళ్లో దిగే విమానమే లేదు మరి. పావగడ తాలూకా దాటి బెంగళూరు బతకపోయినవాళ్లకే గద్దలతో తంటా.

2025 ఫిబ్రవరి 10 నుంచి 14 దాకా బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన. పైన యుద్ధ విమానాల విన్యాసాలు. కింద నగర పాలికె ఆజ్ఞ: జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 వరకు వైమానిక స్థావరం చుట్టూ 13 కిలోమీటర్లలో మాంసం, కోడి, చేపల కొట్లు బంద్. హోటళ్లలో మాంసాహారం వడ్డించడమూ బంద్. అయిదు రోజుల పెళ్లికి 26 రోజుల ఉపవాసం!

కారణం కొట్టిపారేసేది కాదు. పారేసిన పేగులకు గద్దలు ముసురుతాయి; ఒక్కటి ఇంజన్‌లో పడినా పైలట్‌కు ప్రాణగండమే. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలో జంతువులను కోయడం, పక్షులను రప్పించే చెత్త వేయడం కూడదని 1937 నాటి విమాన నియమాల్లో 91వది చెబుతుంది.

అంటే కోత పక్కనే చెత్త కూడా ఉందన్నమాట. కోత ఆపడానికి ఒక కాగితం చాలు. చెత్త ఎత్తడానికి లారీ కావాలి, మనిషి కావాలి, అదీ రోజూ. అందుకని కాగితమే గెలిచింది. పళ్లెంలోని బిర్యానీ కోసం ఏ గద్దా హోటల్ తలుపు తట్టదు గానీ, వీధి మూల కుప్ప దగ్గర మాత్రం తప్పకుండా హాజరు వేయించుకుంటుంది.

వచ్చే ప్రదర్శన వేళకు యలహంక అత్తారింటికి వెళ్లే మంగళవాడ అల్లుళ్లకు మనవి: విస్తట్లో పప్పే పడుతుంది. అలగొద్దండి, అది రక్షణ శాఖ వ్యవహారం.