ఎండకు స్టార్టవని కారు: టీకా తాత్పర్యం

మూలం. “ఎండకండీ, ఇంజను వేడెక్కిపోయింది. కాసేపాగితే అదే స్టార్టయిపోద్దండి.”

అవతారిక. వేసవి మధ్యాహ్నం కె.గంగవరంలో బయల్దేరి, అదే మండలంలోని కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి ముక్తేశ్వరం ఒడ్డున మొరాయించిన కారును ఉద్దేశించి ఈ వాక్యం పుట్టింది. కర్త మెకానిక్. బానెట్ ఎత్తకముందే పలికాడు కనుక దీనికి సూత్రగౌరవం దక్కింది. సూత్రాన్ని ప్రశ్నించరాదు, వ్యాఖ్యానించవచ్చు.

ప్రతిపదార్థం. ఎండకి: షష్ఠి, హేత్వర్థంలో వచ్చింది. వేడెక్కిపోయింది: స్పష్టం. కాసేపు: టీ తాగి వచ్చేంత సమయమని కొందరు, పాత బ్యాటరీ విప్పి కొత్తది బిగించి డబ్బు పుచ్చుకునేంత సమయమని లోకానుభవం. మూలంలో లేనిదీ అవసరం లేనిదీ రాయనని కొలచెల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు కాబట్టి చెల్లింది. ఈ మూలంలో అసలేమీ లేదు. ఉన్నదంతా వ్యాఖ్యాతే తెచ్చిపెట్టాలి.

తాత్పర్యం. ఇంజను ఆపగానే చల్లబడుతుందనుకోవడం పొరపాటు. నీటి పంపు ఆగుతుంది, ఎదురుగాలి ఉండదు. ఇనుములో నిలిచిన వేడి పైకి పాకి, కొద్ది నిమిషాలపాటు బానెట్ కింద వేడి పెరుగుతూనే పోతుంది. పంటు ప్రయాణం సరిగ్గా ఆ నిమిషాల్లోనే సాగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35–40 డిగ్రీలకే మరగడం మొదలెడతాయి. కార్బురేటర్ బళ్లలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపును ఆడనివ్వదు. లేదా కార్బురేటర్ గిన్నెలోంచి పొంగి ఇంజనును ముంచేస్తుంది. అందుకే అంబాసిడర్ల కాలంలో పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఆ కారు తయారీ 2014లో ఆగింది, తడిగుడ్డ ఆగలేదు. ఇప్పటి ఇంజక్షన్ కార్లలో పంపు ట్యాంకులో మునిగి ఉండి, చాలావాటిలో సుమారు 3 బార్ల ఒత్తిడితో పెట్రోలును తోస్తుంది. ఒత్తిడి నిలిచినంతకాలం అది అంత తేలిగ్గా మరగదు. గుడ్డ వేయడానికి అక్కడ పంపే కనబడదు.

విశేషం. కాసేపటికి కారు స్టార్టవుతుంది. ఆ కాసేపట్లో ఏది మారిస్తే దానికే కీర్తి. కాకతాళీయమని ఒక్క మాటలో తేల్చవచ్చు గాని, నైయాయికులు అంత సులువుగా వదిలిపెట్టరు. కార్యానికి ముందు ఉన్నదల్లా కారణం కాదని చెప్పి, అలా పనికిరాకుండా ముందు నిలిచేవాటికి అన్యథాసిద్ధాలని పేరు పెట్టారు. విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదమనే తర్కగ్రంథంలో వాటిని ఐదుగా లెక్కించాడు. కుండకు చక్రం తిప్పే కర్ర కారణం. మొదటిదైన కర్రలోని కర్రతనం కాదు, రెండోదైన దాని రంగూ కాదు. స్టార్టరు వచ్చిన డబ్బా రంగు చూపించి ఒరిజినలని ఒప్పించేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మూడోది ఆకాశం, శబ్దానికి కారణంగా ప్రసిద్ధం కనుక, వెనక బళ్ల హారన్ల వరకే దానికి ప్రసక్తి. నాలుగోది కుమ్మరి తండ్రి. కుమ్మరి కారణమే, ఆయన్ని కన్నవాడు కాదు. “మా నాన్న అంబాసిడర్లు విప్పినోడండీ” అన్న ప్రమాణం దీనితో కొట్టుబడుతుంది. ఐదోది మన్ను మోసిన గాడిద. ఒకానొక కుండకు ముందు అది చక్రం దగ్గరే నిలబడి ఉండవచ్చు. అంతమాత్రాన కుండకు కారణం కాదు. కొత్త బ్యాటరీ తరచు ఈ ఐదో కోవలోకే వస్తుంది. తేడా ఒక్కటే: శాస్త్రంలో గాడిదకు బిల్లు లేదు.

ఆ బిల్లు దగ్గర పరిహాసం చాలించాలి. ఒకే వేసవిలో ఒకే కారుకు బ్యాటరీ, ప్లగ్గులు, పెట్రోలు పంపు వరసగా మారుతున్నాయి. ఒక్కదాన్నీ కొలిచి చూడరు. వేడిలో వచ్చే లోపాన్ని చల్లారాక వెతికితే దొరకదు. చల్లారాక బండి తెమ్మంటే లోపాన్ని ఇంటి దగ్గర వదిలి రమ్మన్నట్టే.

నిర్ణయం. మొరాయించినప్పుడే చూడాలి. తాళం తిప్పితే టక్కుమని ఊరుకున్నా, ఇంజను బరువుగా తిరిగినా దోషం సాధారణంగా కరెంటుది. రాగి తీగకు డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. 50 డిగ్రీలు వేడెక్కితే ఐదోవంతు. అలసిన స్టార్టరుకు అదే చాలు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ బ్యాటరీ దగ్గర ఓల్టేజి 9.6 కిందికి దిగిపోకూడదు. అది బాగుంటే బ్యాటరీని వదిలి ఎర్తు తీగ చివర తుప్పు గీకాలి. సముద్రపు గాలి తగిలే సీమలో ముందు చూడాల్సింది అదే, చివరికి చూసేదీ అదే.

ఇంజను చురుగ్గా తిరిగీ అందుకోకపోతే తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి, వెనక పంపు రొద ఆగేదాకా ఆగి స్టార్టు చేయాలి. అందుకుంటే ఒత్తిడి ఎక్కడో కారిపోతున్నట్టు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితేనే అందుకుంటే పెట్రోలు ఎక్కువైనట్టు: కారుతున్న ఇంజెక్టరో, వేడి ఇంజనును చల్లనిదని చెప్పే టెంపరేచర్ సెన్సారో. రెంటికీ లొంగక, చల్లారాకే లేస్తే క్రాంక్ సెన్సారునూ కాయిలునూ అనుమానించి, వేడి మీదే స్పార్కు చూడాలి.

కొలవకుండా మార్చిన సామానుకు డబ్బిచ్చే ముందు, పాత సామాను అడిగి తీసుకోండి.