హెచ్చరికల మర్మజ్ఞుడు

ప్రభుత్వ ప్రకటనల్లో రాయని వాక్యాలను చదవగలిగే గృహస్థు హెచ్చరికల మర్మజ్ఞుడు. వయసు సాధారణంగా యాభై దాటి ఉంటుంది. పదవీ విరమణ ఈ విద్యకు తప్పనిసరి కాదు గానీ బాగా కలిసొస్తుంది. కోస్తాలో తుపానుల శాఖ, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో భూకంపాల శాఖ బలంగా ఉన్నాయి. ఇతన్ని సర్కారును నమ్మనివాడిగా లెక్కకట్టడం పొరపాటు. సర్కారును ఇంతగా నమ్మేవాడు మరొకడు లేడు. భూమి ఎప్పుడు కదలబోతోందో ఢిల్లీలో ఎవరికో నిమిషాలతో సహా తెలుసునని, ఆ సంగతి ఒక్క గుమాస్తా నోట కూడా జారకుండా ఏళ్ల తరబడి దాచగల క్రమశిక్షణ ఆఫీసుల్లో ఉందని ఇతని విశ్వాసం. ఆ ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు అంత నమ్మకం లేదు.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో భూమి కంపించింది. జాతీయ భూకంప కేంద్రం తీవ్రత 5.3 అని, లోతు 40 కిలోమీటర్లని, సమయం 7 గంటల 27 నిమిషాల 2 సెకన్లని ప్రకటించింది. జనమంతా ఫ్యాను ఊగిందా, మంచం కదిలిందా అని మాట్లాడుకుంటుంటే మర్మజ్ఞుడి చూపు ఆ 2 సెకన్ల దగ్గర ఆగిపోయింది. “సెకన్లతో సహా రాసినవాళ్లకు ముందురోజు తెలియదంటే నమ్మమంటారా?” నిజానికి ఆ సమయం వెనక్కి కట్టిన లెక్క. భూకంప తరంగాల్లో వేగమైనవి భూమి పైపొరలో సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్ల చొప్పున పరుగెత్తుతాయి. అవి ఏ కేంద్రానికి ఎప్పుడు చేరాయో చూసి, ఎక్కడ ఎప్పుడు బయలుదేరాయో తేలుస్తారు. జరిగిపోయినదాని లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా జరగబోయేదాని గురించి ఒక్క ముక్క చెప్పదు. మర్మజ్ఞుడు ఈ వివరణను ఓపికగా వింటాడు. వివరించినవాడి బంధువులు ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారేమోనని తర్వాత వాకబు చేస్తాడు.

లోతు దగ్గర ఇతని పాండిత్యం ఇంకా పదునెక్కుతుంది. భూకంప ప్రకటనల్లో 10 కిలోమీటర్లన్న అంకె పదేపదే కనిపిస్తుంది. దగ్గర్లో చాలినన్ని పరికరాలు లేక లోతు తేలనప్పుడు శాస్త్రజ్ఞులు ఆ అంకెను ఖాయం చేసుకుని మిగతా లెక్క పూర్తిచేయడం మామూలే. మర్మజ్ఞుడికి మాత్రం అది ఎవరో తవ్విన లోతు. ఎవరు తవ్వారన్నది వినేవాడి రాజకీయాలను బట్టి మారుతుంది. మన కేంద్రం ఒక తీవ్రత, అమెరికా సంస్థ మరో తీవ్రత చెబితే పెద్ద అంకె నిజం, చిన్న అంకె దాపరికం. కాసేపటికి సవరించిన అంకె వచ్చిందంటే నేరం ఒప్పుకున్నట్టే.

సునామీ ఇతనికి ఇష్టమైన అధ్యాయం. 2004 డిసెంబరు 26 విషాదం జరిగిన నాలుగు రోజులకే కేంద్ర హోంశాఖ మరో హెచ్చరిక చేసింది. తీరాల్లో జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు, అల రాలేదు. ఎక్కడో అమెరికాలోని ఒక ప్రైవేటు సంస్థ అంచనాను పట్టుకుని చేసిన హడావుడి అని తర్వాత తేలింది. ఆ తర్వాత 2007లో హైదరాబాదులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా పెద్ద అలలు లేవలేదు. కారణం, సముద్రం అడుగు పైకి లేవకుండా ఎక్కువగా పక్కకు జరిగింది. మర్మజ్ఞుడు దీన్ని కొట్టిపారేయలేదు. “పక్కకు జరిగిందట! ఎవరు జరిపారు?” అని మాత్రం అడిగాడు.

తుపానుల శాఖవారికి రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలే సర్వస్వం. ఈ అంకెలు ఓడల కోసం పుట్టినవి, మెట్ల వరుస కావు. ఒకటి, రెండు దూరాన సముద్రంలో ఉన్న గండాన్ని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలి ముప్పు ఉందంటాయి. కాబట్టి ఒకటి దించి మూడు ఎగరేయడం మామూలు వ్యవహారమే. “మరి రెండేమైంది?” అన్న ప్రశ్నతో మర్మజ్ఞుడు రాత్రంతా మేలుకుంటాడు. వరుసలో చిట్టచివరిది పదకొండు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. సమాచారమే అందడం లేదని చెప్పే ఆ సూచికే ఇతని దృష్టిలో అన్నింటికన్నా పెద్ద సమాచారం.

వరదల శాఖ అంతగా పుంజుకోలేదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఒడ్డున నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది, దాచడానికి చోటు లేదు. అందుకే ఇక్కడి మర్మజ్ఞులు పై రాష్ట్రాల గేట్ల మీద ఆధారపడి బతుకుతున్నారు.

“భయపడాల్సిన పనిలేదు” అన్న వాక్యం వినగానే భయపడటం ఈ జాతి లక్షణం. దీనికి ఒక్క ఆధారమైనా లేదనలేం. ఇటలీలోని లాక్విలా 2009లో వరస ప్రకంపనలతో బెంబేలెత్తినప్పుడు నిపుణులు, అధికారులు సమావేశమయ్యారు, ఊరికి ధైర్యవచనాలు వినిపించాయి. వారం తిరక్కుండా, ఏప్రిల్ 6న, పెద్ద భూకంపం మూడు వందల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆరుగురు శాస్త్రజ్ఞులకు, ఒక అధికారికి 2012లో జైలుశిక్ష పడింది. శాస్త్రజ్ఞులను పై కోర్టు 2014లో విడిచిపెట్టింది. అయితే అక్కడ దాచిన రహస్యమేమీ లేదు. తెలియని సంగతిని తెలిసినంత ధీమాగా చెప్పడమే అక్కడి తప్పు. మర్మజ్ఞుడికి ఇది రుచించదు. అధికారికి తెలియకపోవడమన్న ఊహే అతనికి భూకంపం కన్నా భయంకరం.

2023లో దేశంలో పలుచోట్ల ఫోన్లు ఉన్నట్టుండి కేకపెట్టి, ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోవద్దు అన్న సందేశం చూపించాయి. “పట్టించుకోవద్దని చెప్పడానికి అంత కేకా?” అని మర్మజ్ఞుడు అడిగాడు. మిగతావాళ్లకూ అదే అనిపించింది గానీ వాళ్లు మళ్లీ భోజనాలకు కూర్చున్నారు.

విచిత్రమేమిటంటే, నిజంగా ముప్పు ముంచుకొచ్చి, రెడ్ అలర్ట్ ఇచ్చి, లోతట్టువాళ్లు ఇళ్లు ఖాళీ చేయాలని తేటతెల్లంగా రాసినప్పుడు ఇతనికి ఉత్సాహం చచ్చిపోతుంది. పైకే అంతా ఉంటే లోపల వెతకడానికేముంది? ఆ వేళకు డ్రమ్ములో నీళ్లు పట్టి, కొవ్వొత్తులు తెప్పించి, ఫోన్లకు ఛార్జింగు పెట్టినావిడ ఇల్లాలు. “ఏవండీ, ఆ పదకొండో నంబరు సంగతి తర్వాత చూద్దురు గానీ, మేడ మీద తొట్టికి మూత కట్టి రండి” అంటుంది. ఆవిడ ప్రకటనలో రాసినంతే చదువుతుంది, ఇతని దృష్టిలో అది పైపై చదువు.

జోస్యం తప్పిన మర్మజ్ఞుణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. పంచాంగం ఎలాగూ ఉంది, బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పేశారు. పైగా ప్రపంచంలో ఏటా 6 తీవ్రత దాటే భూకంపాలు సగటున వందకు పైగా వస్తుంటాయి కనుక ఏ వారం చెప్పినా ఎక్కడో ఒకచోట కదలక మానదు. ఫిజీలో వచ్చినా అది ఇతని ఖాతాలోకే. మనకూ ఫిజీకీ ఏం సంబంధమని అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు, మనవైపు రావలసినదాన్నే అటు మళ్లించారని, ఆ మాట మాత్రం ఎక్కడా ప్రకటించరని చెబుతాడు.