మీ గేటు ముందున్న బోర్డు మీరే పీకేయండి

కాలనీలో వీధి తగాదా వస్తే సలహాలకు కొదవుండదు. గొలుసు కట్టెయ్యమంటారు, నాలుగు రాళ్లు పేర్చమంటారు, విరిగిన కుర్చీ ఒకటి అడ్డం పెట్టమంటారు, మరీ మించిపోతే కార్పొరేటరుకు ఫోన్ చెయ్యమంటారు. నేను చెప్పబోయేవి వీటన్నిటికీ అడ్డం తిరిగిన సలహాలు. పాటిస్తే మీకు రూపాయి మిగలదు. పైగా గేటు ముందు నాలుగడుగుల జాగా పోతుంది, కొన్నాళ్లు పక్కింటివాళ్లు వింతగా చూస్తారు. అయినా పాటించమనే అడుగుతున్నాను. మన ఊళ్లలో ముసలివాళ్లూ బడిపిల్లలూ కాలిబాట దొరక్క బస్సుల మధ్యకు దిగి నడవాల్సి రావడం నేను ఒప్పుకోలేను.

పురపాలక చట్టం ఎప్పుడైనా చేతికొస్తే జరిమానాల పేజీ వెతక్కండి. మొదట్లో అందరూ తిప్పేసే నిర్వచనాల సెక్షన్ దగ్గరే కూర్చోండి. జరిమానా ఎంతన్నది ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి. వీధి అంటే ఏమిటన్నది తరాల తరబడి నిలుస్తుంది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం 'పబ్లిక్ స్ట్రీట్'ను ఎలా నిర్వచించిందో, 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం దాదాపు అలాగే తీసుకుంది. దాని ప్రకారం తారు పోసిన మేర వీధిలో ఒక ముక్క మాత్రమే. ఆనుకున్న కాలిబాట వీధే, పక్కన పారే కాలువ వీధే. రోడ్డుకు రెండు పక్కలా, పక్క ఆస్తి హద్దు తగిలేదాకా ఉన్న నేలంతా వీధే. ఆ నేల మీద ఎవరైనా వరండా కట్టేసి ఉన్నా సరే, కిందున్నది వీధే. నూరేళ్ల కిందట ఆ వాక్యం రాసినవాళ్లకు మన అరుగుల సంగతి బాగా తెలుసని నా నమ్మకం.

ఇక మీ ఇంటి ముందుకు రండి. ప్రహరీ బయట మీరు పెంచిన గరికా, దాని చుట్టూ వేసిన ఇనప కంచే, జనరేటరు దిమ్మా, వాచ్‌మన్ కోసం వేయించిన రేకుల గదీ అన్నీ వీధిలోనే ఉన్నాయి. ఇంటి దస్తావేజు తీసి హద్దులు చూసుకోండి. తూర్పున ముప్ఫై అడుగుల రోడ్డు అని రాసి ఉంటే, ఆ ముప్ఫై అడుగుల్లో మీరు పెంచిన గరిక కూడా ఉంది.

అన్నిటికన్నా ముందు తీయాల్సింది ర్యాంపు. రోడ్డు కన్నా ఇల్లు ఎత్తులో కట్టుకుని, కారు ఎక్కడానికి ఆ వాలు మొత్తం వీధిలోకి దించుతాం. పక్కింటివాళ్లు ఇంకో అడుగు ఎత్తు పెంచి ఇంకో అడుగు ముందుకు దించుతారు. వరసగా పది ఇళ్లు అలా చేస్తే కాలిబాట ఉండాల్సిన చోట ఎక్కిదిగే గుట్టలు మిగులుతాయి, చక్రాల కుర్చీ అసలు కదలదు. కింద కాలువకు మూత పడి పూడిక తీసే దారి పోతుంది, తొలకరికే నీళ్లు రోడ్డెక్కుతాయి. అందుకే మేస్త్రీని పిలిచి ఆ వాలును గేటు లోపలికి జరపమనండి. లోపల జాగా చాలకపోతే చిన్న కారు కొనుక్కోండి. ఇది కఠినంగా ఉందని తెలుసు, కానీ ఇంతకన్నా న్యాయమైన మాట నాకు దొరకలేదు.

గేటు ముందు బోర్డు సంగతి. 'ఇచ్చట వాహనములు నిలుపరాదు, నిలిపినచో గాలి తీయబడును.' ఈ రెండు మాటల్లో మొదటిది మీరు చెప్పనక్కర్లేదు, రెండోది మీరు చెప్పకూడదు. ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి పెట్టకూడదని దేశమంతటికీ వర్తించే రోడ్డు నియమాల్లో 1989 నుంచీ ఉంది. గేటు వెడల్పు దాటాక, మీ గోడ పొడవునా ఉన్న చోటు మీద మాత్రం మీకు ఏ అధికారమూ లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 116, 117 సెక్షన్లు చూడండి. ట్రాఫిక్ గుర్తు నిలబెట్టేదీ, బళ్లు ఎక్కడ ఆగాలో తేల్చేదీ రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ. నిషేధమున్న చోట పెట్టిన బండినిగానీ, పది గంటలకు పైగా వదిలేసి పోయిన బండినిగానీ ఎత్తుకుపోవడానికి అనుమతించేది 127వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. గాలి తీసే హక్కు ఇంటి యజమానికి ఏ సెక్షనూ ఇవ్వలేదు. పీకేసిన బోర్డు పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేయండి.

'పార్కింగ్ చెయ్యలేదండీ, లోపలే కూర్చున్నా' అనే మాట మనం మానెయ్యాలి. మందుల షాపు ముందు, ట్యూషన్ సెంటర్ ముందు, ఇండికేటర్లు రెండూ వెలిగించి అరగంట కూర్చున్నా అది పార్కింగ్ కాదని మన నమ్మకం. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ఈ చిక్కును తేటగా విడదీసింది. మనుషులు ఎక్కడానికో దిగడానికో, సరుకు ఎత్తడానికో దించడానికో పట్టే సేపు మాత్రమే ఆగితే అది ఆగడం. ఆ అవసరం దాటి నిలిచిందంటే, ఎదుటి అడ్డంకి వల్లో ట్రాఫిక్ నియమం వల్లో ఆగితే తప్ప, అది పార్కింగే. డ్రైవరు సీట్లో ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే అందులో రాదు. న్యూయార్క్ నగరం ఇంకో మెట్టు దిగి మూడు రకాల బోర్డులు పెడుతుంది. ఒక బోర్డు ఉన్నచోట మనుషుల్నీ సరుకునీ దించొచ్చుగానీ బండి ఉంచకూడదు. రెండోదాని దగ్గర మనుషుల్ని మాత్రమే దించొచ్చు. మూడోదాని దగ్గర అసలు ఆగనే కూడదు. మన బడుల ముందూ ఆసుపత్రుల ముందూ ఈ మూడూ విడివిడిగా రాసిన బోర్డులు రావాలని నా గట్టి కోరిక. అవి వచ్చేదాకా మీకు మీరే కఠినమైన అర్థం పెట్టుకోండి. మనిషి దిగగానే బండి కదలాలి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు కూడా ఒక మాట. కాలిఫోర్నియాలో సొంత డ్రైవ్‌వేలో పెట్టిన కారు తోక సైడ్‌వాక్ మీదికి వచ్చినా తప్పే. క్రాస్‌వాక్ అంటే తెల్లగీతలు ఉన్న చోటనే అనుకోకండి. అక్కడి చాలా రాష్ట్రాల చట్టాల్లో, కూడలి దగ్గర రెండు సైడ్‌వాక్‌లను కలుపుతూ ఊహించుకునే మేర కూడా గీతలు లేని క్రాస్‌వాక్ కిందికే వస్తుంది. దానికి వాహనం వచ్చే వైపున 20 అడుగుల లోపు కారు నిలపకూడదన్న కాలిఫోర్నియా నియమానికి 2025 నుంచి టికెట్లు రాస్తున్నారు. గీత కనబడలేదన్న సాకు అక్కడా పనికిరాదు.

అపార్టుమెంటువాళ్లు స్టిల్టులో నంబర్లు వేసుకుని కొట్లాడుకుంటారు. అక్కడా కీలకం నిర్వచనమే. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం చదివి, స్టిల్టు పార్కింగ్ 'గ్యారేజీ' కాదని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోలేడని తేల్చింది. 2016 రెరా చట్టంలో గ్యారేజీకి పైకప్పూ మూడు వైపుల గోడలూ ఉండాలి. ఆరుబయలు పార్కింగ్ అందరి ఉమ్మడి భాగం. కాబట్టి ఆరుబయట మీ పేరు రాసుకున్న పెయింటు గీత చెరిపేసి, సంఘం సమావేశంలో వంతుల పద్ధతి అడగండి. ముందు మీరే చెరిపితే అడిగే ధైర్యం వస్తుంది.

ఇక అన్నిటికన్నా నాకు పక్కింటివాళ్లతో ఎక్కువ మాటపట్టింపు తెచ్చే సలహా. ఫుట్‌పాత్ ఆక్రమణ అనగానే ఇడ్లీబండి వైపు వేలు చూపకండి. ఫుట్‌పాత్ మీద అమ్ముకోవడం, తగిన పరిమితులకు లోబడి, వృత్తి స్వేచ్ఛలో భాగమని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టమైతే వీధిలో, సందులో, సైడ్‌వాక్ మీద, ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లనే వీధి వ్యాపారులని నిర్వచించింది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లను తొలగించకూడదంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలంది. మన ర్యాంపుకూ మన కారుకూ ఇలాంటి చట్టం ఒక్కటీ లేదు. అదే ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల హక్కు కూడా రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. ఈ రెండు హక్కులూ ఒకే ఫుట్‌పాత్ మీద ఇమడాలంటే అక్కడినుంచి లేవాల్సింది మన కారే.

కాలనీ సంఘంలో గానీ వార్డు కమిటీలో గానీ మీకు మాట చెల్లుబాటవుతుంటే, తీర్మానం రాసేటప్పుడు నిషేధాలతో మొదలుపెట్టకండి. కాలిబాట అంటే ఏమిటో మొదటి పేరాలో రాయండి. కట్టిన వెడల్పు ఎంతో రాస్తే మోసపోతాం. అందులో ట్రాన్స్‌ఫార్మరు, చెట్టు, హోర్డింగ్ కాలు అన్నీ కలిసిపోతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు కోరింది ఏ అడ్డూ లేకుండా నడవడానికి మిగిలే 1.8 మీటర్లు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకుండా. ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలకు ఆ వెడల్పు కావాలి. తీర్మానంలో 'అడ్డు లేకుండా మిగిలిన వెడల్పు' అన్న మాటే పెట్టించండి, కొలిచే చోటు స్తంభం పక్కనే అని కూడా రాయించండి. టేపు మీరే తీసుకెళ్లి, మొదటి కొలత అధ్యక్షుడి గేటు ముందు తీయండి.