పొట్టి సెవెన్ ఐరన్

పెద్దవాళ్ల సెవెన్ ఐరన్ గోల్ఫ్ స్టిక్ సుమారు 37 అంగుళాలుంటుంది. నేను అందులో ముప్పావు వంతు. నన్నెవరూ కోసి పొట్టి చెయ్యలేదు, నా పుట్టుకే ఇంత. గ్రాఫైటు షాఫ్టు, సన్నటి రబ్బరు పట్టు, చిన్న తల. నాలుగడుగుల పిల్ల చేతికి సరిగ్గా సరిపోతాను. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిలా వైపున్న గోల్ఫ్ మైదానంలో, ఒక కోచ్ గారి సంచిలో ఉంటాను. నాకు సొంతదారు అంటూ ఎవరూ లేరు. వచ్చిన పిల్లల్లో ఎవరి ఎత్తుకు కుదిరితే వాళ్లు ఆ పూటకు నన్ను తీసుకుంటారు.

అదే సంచిలో నాకొక తోడుంది. ఒక తండ్రి తన పాత సెవెన్ ఐరన్‌ను రంపంతో కోయించి కొడుక్కిచ్చాడు. పొడవు నా అంతే. కానీ స్టీలు షాఫ్టు, తలేమో పెద్దవాళ్లది. కోసిన షాఫ్టు బిగుసుకుపోతుంది, ఊపులో వంగదు. ఆ పిల్లాడు దాన్ని భుజం దాకా ఎత్తితే నడుము వెనక్కి వాలిపోయేది, రోకలి ఎత్తినట్టు. కొన్నాళ్లకే మానేశాడు. ఆట కష్టమని ఇంట్లో అనుకున్నారు. కష్టం ఆటలో లేదు, ఆ ఇనుము బరువులో ఉంది. ఇప్పుడది సంచి అడుగున పడి ఉంది, పాపం. దాని తప్పేమీ లేదు.

మొదటి రోజు నన్ను బయటికి తియ్యరు. ముందు పట్టర్ వెళ్తుంది. కొత్తలో నాకిది నామోషీగా ఉండేది. ఎగిరే దెబ్బ కొట్టగలిగేది నేనైతే, బంతిని దొర్లించే దానికి అంత మర్యాదా! చూడగా చూడగా అర్థమైంది. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి దాదాపు 43. అడుగు దూరం నుంచి దొర్లిస్తే ఐదేళ్ల బుడతడైనా వేసేస్తాడు. లోపల పడ్డ చప్పుడు వినగానే "సార్, ఇంకోటి!" అంటాడు. 2019లో నియమాలు మారాక జెండా కర్ర తియ్యకుండానే పట్టింగ్ చెయ్యొచ్చు. పిల్లలకు బంతిని ఆ కర్రకు కొట్టి లోపల పడేయడమంటే మహా సరదా. తర్వాత రెండడుగులు, ఆపైన హోల్ చుట్టూ ఉండే గ్రీన్ అంచు. నా వంతు అక్కడ వస్తుంది. అప్పటికి పిల్లకు బంతి ఎక్కడ ఆగాలో తెలుసు. అది తెలియకుండా దూరం కొట్టడం నేర్చినవాళ్లు గ్రీన్ దగ్గరకొచ్చి ఏడుస్తారు.

మా పిల్లల్లో చాలామంది గల్లీ క్రికెట్ నుంచి వచ్చినవాళ్లే. నన్ను పట్టుకోగానే మోకాలు వంచి లెగ్ సైడుకు లాగేస్తారు. కోచ్ గారు కసరరు. "పుల్ షాట్ బాగుంది బిడ్డా, ఇప్పుడు స్ట్రెయిట్ డ్రైవ్ చూపించు," అంటారు. చూపిస్తారు కూడా. ఒక్క విషయంలో మాత్రం ఆయన రాజీపడరు: ఒకరు స్టిక్ ఊపుతుంటే దగ్గరికి ఎవరూ పోకూడదు. మిగతాదంతా ఆటే. గడ్డి మీద రంగు రింగులు పరిచి, ఎవరి బంతి ఎందులో పడితే ఆ రింగుకున్నన్ని మార్కులు.

నాకు తెలిసినంతగా కోచ్ గారికీ తెలియనిది ఒకటుంది. తాడు అవతలి నుంచి ఒక నాన్న "తల ఎత్తకు, తల ఎత్తకు" అని అరుస్తుంటే పిల్ల వేళ్లు నా రబ్బరు మీద బిగుసుకుంటాయి. బంతి పక్కకు పోతుందని ఆ క్షణానే నాకు తెలిసిపోతుంది. చివరికి ఆ నాన్నకు కోచ్ గారు బంతులు ఏరే పని అప్పగించారు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2016 రియో ఒలింపిక్స్ ఆడినప్పుడు వాళ్ల నాన్న ఆమె సంచి మోశారు, టోక్యోలో అమ్మ మోసింది. కాబట్టి ఏరడాన్ని చిన్నతనంగా అనుకోనక్కర్లేదు. టోక్యోలో అదితి ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. దూరం కొట్టేవాళ్ల వరుసలో ఆమె బాగా వెనక. అంత పైకి తెచ్చింది పట్టర్. నేను ఐరన్‌ని అయ్యుండీ ఒప్పుకోక తప్పదు.

ముందుకు ఎలా పోవాలన్నది తర్వాతి సంగతి. 350 గజాల హోల్‌కు పెద్దలు మొదటి దెబ్బ కొట్టే టీ మీద ఏడేళ్ల పిల్లని నిలబెట్టడం శిక్ష. అమెరికాలో ఆపరేషన్ 36 అని ఒక పద్ధతుంది, మా కోచ్ గారు దాన్నే పాటిస్తారు. గ్రీన్‌కు 25 గజాల దూరం నుంచి మొదలుపెట్టి తొమ్మిది హోల్స్ 36 దెబ్బల్లో ముగిస్తే 50 గజాలకు వెనక్కి జరగొచ్చు, ఆ తర్వాత 100కి. వయసు అడగరు, పక్క పిల్లవాడితో పోల్చరు. ఒకమ్మాయి 25 గజాల దగ్గరే చాలాకాలం ఉండిపోయింది. వాళ్లమ్మ కంగారుపడింది కానీ పిల్ల పడలేదు. నన్ను వదిలిపెడితేగా!

ఈ ఆట డబ్బున్నవాళ్లదని పేరు. అబద్ధమేం కాదు. అయినా 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా సంచులు మోసినవాడు. 2016, 2017లలో అదే టోర్నీ గెలిచిన చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి. వాళ్లకు మైదానం దగ్గరైంది, అందుకే స్టిక్ చేతికి అందింది. అందని పిల్లలెందరో. పైగా పిల్ల మూడంగుళాలు పొడవెక్కితే పెద్ద సైజు కొనాలి, ఏటేటా ఆ ఖర్చు ఎంత మంది భరిస్తారు?

మీ ఇంట్లో అటక మీద నాలాంటిది ఉంటే దించి, దగ్గర్లో పిల్లలకు నేర్పే కోచ్‌కి ఇచ్చేయండి. కొత్తది కొనేటప్పుడు పిల్ల వయసు కాదు, ఎత్తు కొలిచి తీసుకెళ్లండి. మీ పాత స్టిక్‌ను మాత్రం కోయించకండి.