పరగడుపు ప్రాయశ్చిత్తం

"అలవాటైతే చేదే తెలియదండీ" అనే మనిషిని నమ్మకండి. ఆయన నాలుకైనా చచ్చి ఉండాలి, లేదా మీ చేత కూడా తాగించే పనిలోనైనా ఉండాలి. మా తోడల్లుడుగారిది రెండో రకం. మా ఆవిడకి అక్క మొగుడు, నాకు అన్నయ్యగారి వరస, రిటైరైన నాటి నుంచీ బంధువర్గం మొత్తానికి కడుపుల ఇన్‌ఛార్జి. పోయిన నెల ఏదో పెళ్ళికని వచ్చి మా ఇంట్లో దిగారు. పొద్దున పెసరట్టు ఉప్మా తిన్నాక నేను ఒకే ఒక్క త్రేన్పు త్రేన్చాను. అదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూసిన చూపులోనే నా జాతకం మారిపోయింది.

"అరుగుదల లేదు తమ్ముడూ," అన్నారు. "చేదు పడాలి."

పడుతోంది. ఆయన వెళ్ళిపోయారు, చేదు ఉండిపోయింది. ఫ్రిజ్ తలుపు మీద మా ఆవిడ చేతిరాతతో ఒక చీటీ వెలిసింది. సోమవారం కాకరకాయ రసం, మంగళవారం మెంతులు నానబెట్టిన నీళ్ళు, బుధవారం నేలవేము కషాయం, గురువారం తిప్పతీగ, శుక్రవారం మళ్ళీ కాకర, శనివారం లేత వేపాకు నూరిన ఉండ. ఆదివారం ఖాళీ వదిలారు గదా అని సంతోషించబోయేలోపు అడుగున సన్నటి అక్షరాలు కనిపించాయి: "రాత్రికి కరక్కాయ పొడి." కరక్కాయ చేదు కాదు, వగరు. సెలవు రోజు కాబట్టి నోటికి మార్పు కోసమట.

వీటిలో నేలవేము గురించి ఒక మాట చెప్పాలి. తాగిన అరగంట దాకా దేన్ని నోట్లో వేసుకున్నా అది నేలవేమే. కాఫీ నేలవేము, మంచినీళ్ళు నేలవేము, ఆఖరికి ఉమ్మి కూడా. తమిళనాట డెంగీ కాలంలో ప్రభుత్వమే ఈ కషాయం కాచి ఉచితంగా పోయించింది. జనం వరసలో నిలబడి మరీ తాగారు. వాళ్ళకి నా నమస్కారం.

కాని నా అసలు బాధ నేలవేము కాదు, కాకరకాయ. ఎందుకంటే కాకరకాయ కూరంటే నాకు ప్రాణం. ఈ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

మా అమ్మ కాకరకాయ ముట్టుకుందంటే అది ఒక పూట పని. ముందు చాకు వెనకవైపుతో బుడిపెలన్నీ గీకేది. గీకిన చెక్కు పారెయ్యదు, ఎర్రగా వేయించి వెల్లుల్లి కారం కలిపి అన్నంలోకి పొడి చేసేది. కాయలు చక్రాలుగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, పళ్ళేన్ని పీట అంచుకి ఆనించి ఏటవాలుగా పెట్టేది. కాసేపటికి ముక్కల్లోంచి ఆకుపచ్చటి నీళ్ళు ఊరి పళ్ళెం వారన మడుగు కట్టేవి. అప్పుడు గుప్పెడు గుప్పెడే తీసుకుని రెండు అరచేతుల మధ్యా, మణికట్టు దగ్గర నరాలు తేలేంత గట్టిగా పిండేది. ఆ నీళ్ళు తూములో పారబోసి, వాటి మీద రెండు చెంబుల మంచినీళ్ళు కూడా కొట్టేది, ఆ చేదు మళ్ళీ ఇంటివైపు రాకుండా.

అక్కడితో అయిపోతుందా? పిండితే సారం పోతుంది, మజ్జిగలో ఉడికించాలని మా పెద్దమ్మ. మజ్జిగెందుకు దండగ, చింతపండు పులుసులో ఉడికిస్తే చాలని పిన్ని. అసలు బుడిపెలు గీకడమే మహాపాపం, గుణమంతా అక్కడే ఉంటుందని మా అత్తగారు. మా పెళ్ళైన కొత్తలో వియ్యపురాళ్ళిద్దరూ కట్నకానుకల దగ్గర కూడా పేచీ పడలేదు గాని, కాకరకాయ చెక్కు దగ్గర మాట్లాడుకోవడం మానేశారు. మళ్ళీ కలపడానికి ఒక బారసాల కావాల్సొచ్చింది.

ఇక ఊళ్ళని బట్టి ఇంకో పంచాయితీ. గుంటూరు వైపు చుట్టాలు ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ పప్పులూ కొట్టి కారం పట్టించి, కాకరకాయ చేదా కారమా తేల్చుకోలేని స్థితిలో మనల్ని వదిలేసేవారు. గోదావరి వైపు వాళ్ళు బెల్లం పోసి పులుసు పెట్టేవారు, అందులో కాకరకాయ ఉందని ఎవరో వచ్చి చెప్పాలి. తెలంగాణలో మా స్నేహితుడి ఇంట్లో నువ్వులూ పల్లీలూ వేయించి పొడి కొట్టి చల్లేవారు. ఉల్లికారం కూరి, దారం చుట్టి, మూకుట్లో నిదానంగా మగ్గించే గుత్తి కాకర సంగతి వేరే చెప్పాలా! దారం విప్పకుండా తినేసిన మా బావమరిది కథ ఇప్పటికీ ప్రతి శుభకార్యంలోనూ రెండో పంక్తి లేచేలోపు ఎవరో ఒకరు ఎత్తుతారు. వాడికిప్పుడు మనవలు. వాళ్ళకీ చెప్పేశారు.

ఇవన్నీ చాలవన్నట్టు వానాకాలంలో ఆకాకరకాయలొస్తాయి. తెలంగాణలో బోడకాకర అంటారు. ఒళ్ళంతా ముళ్ళు, లోపల చేదు సున్నా. సృష్టికర్తకి కూడా ఒక దశలో మనసు మారిందనడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. కిలో ధర అడిగితే ఆ మనసు మళ్ళీ వెనక్కి మారినట్టు కూడా తెలుస్తుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, తరతరాల ఆడవాళ్ళు ఉప్పూ పసుపూ మజ్జిగా చింతపండూ బెల్లం నూనే కారం, ఆఖరికి దారంతో సహా ఖర్చుపెట్టి, ఆ కాయలోంచి ఏ నీళ్ళైతే పిండి తూములో పారబోశారో, ఆ నీళ్ళు ఇప్పుడు గ్లాసులో పోసి నాకిస్తున్నారు. ముక్కల్ని మాత్రం పిప్పి అని చెత్తబుట్టలో వేస్తున్నారు. మా అమ్మే ఉండి చూస్తే, ఇంట్లో ఎవరికో మతి చలించిందని చీటీ కట్టించేది.

పార్కు గేటు దగ్గరైతే ఆ తూము నీళ్ళని డబ్బిచ్చి కొంటున్నారు. స్టీలు క్యాన్లు వరసగా పెట్టి కాకర, ఉసిరి, గోధుమ గడ్డి, సొరకాయ అని కేకేస్తుంటారు. నడక ముగించిన పెద్దమనిషి గ్లాసు అందుకుని, కళ్ళు మూసుకుని పోసుకుంటాడు. భుజాలు ఒక్కసారి జలదరిస్తాయి. తరవాత మొహంలో ఏదో రుణం తీరిన కళ వస్తుంది. ఆ కళతోనే రోడ్డు దాటి ఎదురు బండి దగ్గర నేతి ఇడ్లీ, వెన్న దోసె చెప్పి, "గారెలు వేడిగా ఉన్నాయా?" అని కనుక్కుంటాడు. నేను తప్పు పట్టను. గంగలో మునిగొచ్చినవాడు గట్టు మీద పునుగులు తినకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

చేదు మంచిదని వీళ్ళందరికీ ఎవరు చెప్పారో గాని, ఒంటికి మాత్రం ఎవరూ చెప్పలేదు. తీపిని పసిగట్టడానికి మన నాలుకకి ఒక్క రకం గ్రాహకం సరిపోయింది. చేదుకి పాతిక దాకా కావాల్సొచ్చాయి. మొక్కల్లో ఉండే విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి, నోటి దగ్గరే ఆపడానికి ఇంత కాపలా. పసిపిల్ల నాలుక మీద చేదు చుక్క పడితే మొహం చిట్లిస్తుంది, ఆ విద్య దానికి ఎవరూ నేర్పలేదు. ఇది వేళాకోళం కాదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి చనిపోయారు. సొరకాయ రసం చేదనిపిస్తే తాగనే వద్దని ఆ తరవాత భారత వైద్య పరిశోధన మండలి హెచ్చరించింది కూడా. ఈ సంగతి మా ఆవిడకి పేపరు చదివినట్టు చదివి వినిపించాను.

"అది సొరకాయ," అంది. "కాకరకాయ చేదుగా లేకపోతే అప్పుడు భయపడదాం."

ఆవిడతో వాదించాలంటే లా చదివుండాలి.

మరి అన్నయ్యగారి సిద్ధాంతం ఏమిటి? చేదు నాలుకకి తగలగానే లాలాజలం ఊరుతుంది, కడుపులో రసాలు కదులుతాయి, ఆకలి పుడుతుంది, తిన్నది అరుగుతుంది. ఆయుర్వేదం చేదుని ఆరు రుచుల్లో ఒకటిగా కూర్చోబెట్టి, జఠరాగ్నిని రగిలించే పని దానికి అప్పజెప్పింది. నాలుక మీదే కాదు, పేగుల్లో కూడా చేదుని గుర్తుపట్టే గ్రాహకాలున్నాయని శాస్త్రజ్ఞులూ తేల్చారు. దానివల్ల నా పెసరట్టు అరిగి తీరుతుందని మాత్రం ఎవరూ గట్టిగా రుజువు చెయ్యలేదు. ఇవన్నీ చదివి నేను తెలుసుకున్న కొత్త విషయం ఒకటుంది. ముక్కు మూసుకుని గుటుక్కున మింగేస్తే లాభం లేదట, ఆ చేదు కాసేపు నాలుక మీద నిలవాలట. ఇది ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి.

బెంగాలీలని చూడండి. మధ్యాహ్నం భోజనం చేదుతోనే మొదలుపెడతారు. శుక్తో అని, కాకరకాయ ముక్కలు, నాలుగు రకాల కూరగాయలు కలిపి వండి, మొదటి ముద్దల్లో తింటారు. ఆ తరవాత పప్పు, ఆ తరవాత చేప, చివరికి మిఠాయి. చేదుకి కంచంలో ఒక చోటుంది, వెనకాల రసగుల్లా వస్తుందన్న భరోసా ఉంది. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

ఐరోపావాళ్ళు ఇంకా మర్యాదస్తులు. సీగర్ట్ అనే జర్మన్ డాక్టరు వెనిజులాలో బొలివర్ సైన్యానికి వైద్యం చేస్తూ, అంగొస్తురా అనే ఊళ్ళో 1824లో కడుపు కోసం ఒక చేదు మందు తయారుచేశాడు. 1845లో మిలాన్‌లో ఫెర్నెట్ బ్రాంకా వచ్చింది. మరుసటేడు జర్మనీలో అండర్‌బెర్గ్ వచ్చింది. అన్నీ వేళ్ళూ బెరళ్ళూ మూలికలే, చేదులో ఏదీ తక్కువ తినలేదు. కాని అన్నిటినీ నానబెట్టింది సారాయిలో! భోజనమయ్యాక పెద్దమనుషులు కుర్చీల్లో వెనక్కి వాలి, చిన్న గ్లాసులో పోసుకుని, "అరుగుదల కోసం" అంటూ చప్పరిస్తారు. మలేరియాకి క్వినైన్ మింగాల్సొచ్చిన తెల్లదొరలు మన దేశంలోనే ఉండి ఏం చేశారు? సోడాలో కలిపి, పంచదార వేసి, పైన జిన్ను పోశారు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని పట్టుకునేనాటికే దొరలకి ఆ మందు మీద మక్కువ కుదిరిపోయింది. మనకి మాత్రం అదే చేదు పరగడుపున, గోరువెచ్చటి నీళ్ళలో, నంజుకోవడానికి తిట్లతో.

ఈ చరిత్రంతా చెబితే మా ఆవిడ, "ఆ ఒక్క అలవాటే తక్కువైంది మీకు," అంది.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నిషేధిస్తారని నా ఆశ. అంతా విని, "షుగరు మాత్రలు వేసుకుంటున్నారు కదా, కాకర రసం శ్రుతి మించితే షుగరు మరీ పడిపోవచ్చు, జాగ్రత్త. కడుపు సంగతంటారా, రాత్రి పెందలాడే తినండి, కాస్త తగ్గించి తినండి," అన్నారు. ఇంటికొచ్చేదాకా మా ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. "విన్నారా, షుగరు కూడా పడిపోతుందట!"

కాస్త తగ్గించి తినండి. ఆ గ్లాసుల్లో ఏదీ నాకు ఇంత చేదుగా తగల్లేదు. ఎందుకంటే నిజం అదే. అరగక కాదు, ఆకలేసి అన్నం తిన్నది ఎప్పుడో గుర్తు రావడం లేదు. ఎనిమిదిన్నరైంది కాబట్టి టిఫిను. ఒంటిగంటైంది కాబట్టి భోజనం. సీరియల్ మొదలైంది కాబట్టి జంతికలు. పిల్లలు దేశాలు పట్టిపోయిన ఇంట్లో రోజు మొత్తం మీద జరిగే సంఘటనలు అవే, వాటిలో ఒకటి తీసెయ్యమంటే ఆ వేళకి ఏం చెయ్యాలి?

మా అమ్మకి చివరి రోజుల్లో ఏదీ సయించేది కాదు. "నోరంతా చేదురా" అనేది. నేను కమలాపళ్ళు, హార్లిక్సు, ఆవిడకి ఇష్టమైన పూతరేకులు, తియ్యనివన్నీ తెచ్చి ముందు పెట్టాను. ఒకనాడు, ఇంట్లో వేపపువ్వుందా అని అడిగింది. ఉగాదికి వాడగా మిగిలి ఎండింది డబ్బా అడుగున ఉంటే, మా ఆవిడ నేతిలో వేయించి చారు పెట్టింది. వేడన్నంలో కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని, "ఇప్పుడు కాస్త ఆకలనిపిస్తోందే అమ్మాయ్," అంది. ఆ చారు నేను రుచి కూడా చూడలేదు. అప్పుడు నాకా అవసరం లేదు, మూడు పూటలా కరకర ఆకలేసేది.

అందుకని నిన్న రాజీకి వచ్చాను. చేదు మానను, కాని గ్లాసులో కాదు, కంచంలో, మొదటి ముద్దలో.

"కాకరకాయ పులుసు పెట్టు," అన్నాను.

"బెల్లం వెయ్యాలి. షుగరు."

"పోనీ, ఉల్లికారం కూరి గుత్తి కాకర?"

"ఎంత నూనె తాగుతుందో తెలుసా? మొన్న రిపోర్టులో కొలెస్ట్రాల్ ఎంతొచ్చింది?"

"నిలవ పచ్చడి?"

"ఉప్పు. బీపీ."

"చింతపండు పులుసులో ఉడికించి..."

"గుండెల్లో మంటని అర్ధరాత్రి నన్ను లేపుతారు."

కాకరకాయని మనిషి తినే పదార్థంగా మార్చిన ప్రతి దినుసూ నా రిపోర్టుల్లో ఎర్ర సిరాతో ఉంది. అన్నిటినీ కొట్టేసుకుంటూ పోతే మిగిలేది ఉత్త కాకరకాయే. అప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

"మజ్జిగ!" అన్నాను. "మజ్జిగలో ఉడికించు. మజ్జిగకి ఏ జబ్బూ అడ్డం రాదు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. వెతికినా వంక దొరకలేదు.

"సరే, రేపు అలాగే చేస్తాను," అంది. "కాని ఉడికించిన మజ్జిగ పారబోయను. గుణమంతా అందులోకే దిగుతుంది కదా, పొద్దున గ్లాసులో పోసిస్తాను."