వంగు నాయనా, వంగు!

సెలవులొస్తే హిందూపురం, ధర్మవరం కార్లు బిడది వైపు తిరుగుతాయి. 2005లో తెరిచిన వండర్‌లా వినోద పార్కు అక్కడుంది మరి. దారిలో బెంగళూరు ట్రాఫిక్ అనే అసలు రైడు టికెట్ లేకుండానే దొరుకుతుంది. పిల్లల వాంతులూ అందులోనే అయిపోతాయి. చేరాక ఎత్తు కొలిచి టికెట్టు. అక్కడ "రవ్వంత వంగు నాయనా" అన్న తండ్రే, లోపల పెద్ద రైడు దగ్గర "మునివేళ్ల మీద నిలబడరా" అంటాడు!

పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ధర్మవరం వాళ్లు ఆ కారే ఎక్కి, ఆ పెనుకొండే దాటి, పక్క రాష్ట్రంలో జారుడుబల్ల జారి వస్తారు.

పెనుకొండలోనేమో కుంభకర్ణుడు పెద్ద విగ్రహమై వెల్లకిలా పడుకునే ఉన్నాడు. ఎత్తు కొలిచేవాళ్లు లేరు, పిల్లలు నేరుగా పొట్టలోకే నడిచిపోవచ్చు. చుట్టూ చేరి ఎంత లేపినా కదలడు. పురాణంలో ఆరు నెలలకోసారైనా లేచేవాడు పాపం.

"నాయనా, ఆయప్ప ఎప్పుడు లేస్తాడు?"

"ఎలక్షన్లప్పుడు."