నేనూ, పోస్టాఫీసూ

బొంబాయి జీపీవో నల్లరాతి కోటలా ఉంటుంది. బీజాపూర్ గోల్ గుంబజ్‌ని మనసులో పెట్టుకుని జాన్ బెగ్ దొర గీస్తే 1913లో పూర్తయింది. కలకత్తాది 1868 నాటి తెల్ల గుమ్మటం. చెన్నపట్నంలో 1884లో తెరిచిన చిజమ్ దొర ఎర్రభవనం ముందు నిలబడితే, కార్డుముక్క కొనడానికైనా చెప్పులు బయటే విప్పాలేమో అనిపిస్తుంది.

మా ఊరి పోస్టాఫీసు ఒక ఇంటి వీధరుగు.

పల్లెటూరి బ్రాంచాఫీసుకి తపాలా శాఖ ముద్రలిస్తుంది, సంచులిస్తుంది. చోటు మాత్రం పోస్టుమాస్టరే చూసుకోవాలి. దేశంలోని లక్షన్నర పైచిలుకు పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. కాబట్టి మన తపాలా వాస్తు మీద పుస్తకాలు రాసే పండితులు ఇకనైనా గుమ్మటాలు దిగి అరుగులెక్కాలని నా మనవి.

మొదటి కట్టడం బడిపంతులు గారి పెంకుటిల్లు. దీపం గూట్లో స్టాంపులు, దూలానికి వేలాడే సంచిలో ఉత్తరాలు, ధాన్యం గాదె పక్కన క్యాషుపెట్టె. పంతులుగారు బడికెళ్తే పరిపాలన మామ్మగారిది. ఎవరైనా స్టాంపు నాలిక్కి రాశారో, అయిపోయారే! "ఎంగిలి ఉత్తరం మా అరుగు మీంచి కదలదు నాయనా" అని చెంబుతో నీళ్ళిచ్చేవారు. పండక్కి అరుగలికితే అది ఆరేదాకా మనియార్డర్లు బంద్.

ఆయన తర్వాత ఆఫీసు కిరాణా కొట్లోకి మారింది. వేరే బతుకుతెరువు ఉన్నవాళ్ళకే ఈ కొలువివ్వాలని రూలు కూడా ఉంది మరి! చింతపండు తూచే చేత్తోనే పార్సిలూ తూచేవారు. మా ఊరి కవర్లన్నిటికీ ఇంగువ వాసన. కువైట్‌లో ఉన్న మా బాబాయి ఉత్తరం విప్పకముందే ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడట.

ఆఫీసు మారినప్పుడల్లా ఎర్రడబ్బా కూడా మేకులతో సహా కొత్త గోడకి తరలిపోయేది. పాత గోడకి మిగిలేవి నాలుగు బెజ్జాలూ, కాస్త తుప్పు మరకా. రాజులకి శాసనాలున్నట్టే మా తపాలాకి ఈ బెజ్జాలు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్ మాత్రం ఏ గోడనీ పట్టించుకోలేదు. మాకూ పక్క ఊళ్ళకీ కలిపి ఒకటే ఆరంకెలు, ఉమ్మడి కుటుంబం.

ఇప్పుడు పదో తరగతి మార్కుల మీద ఎంపికై పక్క జిల్లా నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఉద్యోగం చేతిలో ఉంది, అరుగే లేదు. ఊళ్ళో కొత్తగా కట్టినవన్నీ డాబాలు. ప్రహరీలూ గేట్లూ ఉన్నాయి గానీ, అరుగన్నమాట ఎక్కడుంది? చివరికి ఒకాయన వీధివైపు గది చూపించాడు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"నేనూ, పోస్టాఫీసూ అండీ."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పోస్టాఫీసుకి నీళ్ళెక్కువ పడతాయా?"

పడవని తేలాక అద్దె కుదిరింది. గోడకి మేకు కొట్టకూడదన్నది ఒక్కటే షరతు. అందుకే డబ్బాని కిటికీ ఊచకి బైండింగు వైరుతో కట్టారు. ఇంటాయన హోదా మాత్రం ఒక్కసారిగా పెరిగిపోయింది. ఇంట్లో ఎవరుంటున్నారని అడిగితే, మీసం సవరించుకుని "సెంట్రల్ గవర్నమెంటండీ, నెలనెలా అద్దె కడుతోంది" అంటున్నాడు.